ఎక్స్‌రే పల్సార్లు: మన సరిహద్దు ఊళ్ళ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ఆదివారం పూట మేం నడిపే క్లాసుకి కాశీనగర్, గుణుపూర్, రాయగడ నుంచి కూడా డిగ్రీ పిల్లలు వస్తుంటారు. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ఈ మధ్య మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, చంద్రపూర్ వైపు తెలుగువాళ్ళు కూడా ఫోన్ చేస్తున్నారు. ఎవరు చేసినా అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి.

## మొట్టమొదటి సందేహాలు

ఎక్స్‌రే పల్సార్ అంటే ఏమిటి మాస్టారూ? ఒక్క ముక్కలో చెప్పండి.

పక్కనున్న నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటూ, తన చుట్టూ తాను తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. భారీ నక్షత్రం పేలిపోయాక (ఆ పేలుడే సూపర్నోవా) మిగిలే చిక్కటి ముద్దే న్యూట్రాన్ నక్షత్రం. ఆ పదార్థం దాని అయస్కాంత ధ్రువాల మీద పడినచోట విపరీతంగా వేడెక్కి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. నక్షత్రం తిరిగినప్పుడల్లా ఆ వేడి మచ్చలు మనవైపు వచ్చి పోతాయి, ఆ మిణుకునే పల్స్ అంటాం. గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దీపం నిజానికి ఆరి వెలగదు, తిరుగుతుందంతే. ఇదీ అంతే. బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు, అడ్డంగా కొలిస్తే 20 నుంచి 25 కిలోమీటర్లు. పక్క ఊరికి బస్సులో వెళ్ళే దూరం.

పైనుంచి ఏదో కింద పడితే ఎక్స్‌రేలు రావడమేమిటి?

కొబ్బరికాయ చెట్టు మీంచి పడితే చప్పుడవుతుంది, నేల కాస్త వేడెక్కుతుంది. పడే వేగం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. న్యూట్రాన్ నక్షత్రం మీద పడే వాయువు కాంతి వేగంలో దాదాపు సగంతో వచ్చి గుద్దుకుంటుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ ఊరికే పడినందుకే 15 నుంచి 20 శాతం దాకా బయటికొస్తుంది. సెకనుకు పదివేల కోట్ల టన్నుల వాయువు పడితే సూర్యుడి మొత్తం వెలుగుకు కొన్ని వేల రెట్లు వెలుగు వస్తుంది. అది కొద్ది చదరపు కిలోమీటర్ల మచ్చలోంచి రావాలి కాబట్టి అక్కడి ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి వచ్చే వెలుగు ఎక్స్‌రేలే.

రేడియో పల్సార్, ఎక్స్‌రే పల్సార్ ఒకటేనా?

రెండూ న్యూట్రాన్ నక్షత్రాలే, ఖర్చు పెట్టే డబ్బు వేరు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన రేడియో పల్సార్ లాంటివి తమ తిరుగుడులో దాచుకున్న శక్తినే ఖర్చుపెడతాయి. కాబట్టి మెల్లగా నెమ్మదిస్తాయి. మనం మాట్లాడుకునేవి పక్క నక్షత్రం ఆస్తి మీద బతుకుతాయి. వీటి తిరుగుడు పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. ఇంకో చిక్కు ఉంది. 1054లో పేలిన నక్షత్రం నుంచి మిగిలిన క్రాబ్ పల్సార్ సెకనుకు 30 సార్లు తిరుగుతూ ఎక్స్‌రేలలో కూడా మెరుస్తుంది, కానీ దానికి జంట లేదు. ఎక్స్‌రేలు వచ్చినంత మాత్రాన ఈ జాతి అనుకోకండి.

సూపర్నోవా పేలితే పక్క నక్షత్రం ఎగిరిపోవాలి కదా? జంట ఎలా మిగిలింది?

ఇది అడిగినవాళ్ళంటే నాకు ఇష్టం. చాలా జంటలు నిజంగానే విడిపోతాయి. మిగిలినవాటి కథ ఇది: జంటలో బరువైనది ముందు ముసలిదై ఉబ్బుతుంది, తన పైపొరలను చిన్నదానికి ధారపోస్తుంది. అలా ఇచ్చీ ఇచ్చీ, పేలే రోజుకి అదే జంటలో తేలికైనది అవుతుంది. పేలుడులో జంట మొత్తం బరువులో సగానికి మించి ఒక్కసారిగా పోతేనే కక్ష్య తెగుతుంది. తేలికైనది పేలితే పోయేది సగం కంటే తక్కువ, కాబట్టి బంధం నిలుస్తుంది. అయితే పేలుడు అన్ని వైపులా సమానంగా జరగదు, న్యూట్రాన్ నక్షత్రానికి ఒక తన్ను తగులుతుంది. చాలా జంటల కక్ష్యలు సాగిన కోడిగుడ్డులా ఉండటానికి కారణం అదే. తర్వాత అప్పు తిరిగి వస్తుంది. ఒకప్పుడు పుచ్చుకున్న నక్షత్రమే ఇప్పుడు ఇస్తుంది.

పక్క నక్షత్రం ఎన్ని రకాలు?

బతుకుతెరువును బట్టి మూడు రకాలు. మొదటిది, భారీ నక్షత్రం నుంచి ఎప్పుడూ వీచే గాలిలోంచి న్యూట్రాన్ నక్షత్రం దొరికినంత పట్టుకోవడం. కళ్ళంలో తూర్పార పడుతుంటే ఎగిరే పొట్టులో కొంత మన ఒంటి మీద పడినట్టు. వేలా ఎక్స్‌-1 ఇలాంటిది. రెండోది, వేగంగా తిరిగే బీఈ రకం నక్షత్రం నడుం చుట్టూ వాయువు పళ్ళెంలా ఉంటుంది. న్యూట్రాన్ నక్షత్రం తన పొడవాటి కక్ష్యలో దాని దగ్గరికి వచ్చినప్పుడే మెరుస్తుంది, మిగతా కాలం నిద్ర. మూడోది, పక్క నక్షత్రం తన హద్దు దాటేంత ఉబ్బి వాయువు నేరుగా ధారగా పొర్లడం. ఆ ధార సుడి తిరిగి పళ్ళెంలా మారుతుంది. హెర్ ఎక్స్‌-1 దీనికి ఉదాహరణ.

బ్లాక్ హోల్ కూడా ఇలాగే లాక్కుంటుంది. తేడా ఎలా చెప్తారు?

క్రమం తప్పని పల్స్ కనబడితే అది బ్లాక్ హోల్ కాదు. ధ్రువాల మీద మచ్చ ఏర్పడాలంటే గట్టి నేల, దానికి అతుక్కున్న అయస్కాంత క్షేత్రం ఉండాలి. బ్లాక్ హోల్‌కి ఆ రెండూ లేవు. పల్స్ కనపడకపోతే మాత్రం బ్లాక్ హోలే అని తేల్చకండి. ఎం82 గెలాక్సీలో బ్లాక్ హోల్ అని నమ్ముకున్న ఒక వస్తువు, 2014లో న్యూస్టార్ టెలిస్కోప్ డేటాలో 1.37 సెకన్లకోసారి పల్స్ ఇస్తూ దొరికింది. చాలామంది లెక్కలు తిరగరాసుకున్నారు.

## కనిపెట్టడం

మొదటిది ఎలా దొరికింది?

1962 జూన్‌లో రికార్డో జకోనీ బృందం రాకెట్ పంపి, సూర్యుడు కాకుండా బయటి నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయని చూసింది. ఆ మూలం పేరు స్కార్పియస్ ఎక్స్‌-1. కానీ రాకెట్ పైన ఉండేది కొద్ది నిమిషాలే. 1970 డిసెంబర్ 12న, కెన్యా స్వాతంత్ర్య దినం రోజున, ఆ దేశ తీరం నుంచి తొలి ఎక్స్‌రే ఉపగ్రహం ఎగిరింది. అందుకే దానికి ఉహురు అని పేరు, స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం. 1971లో దాని డేటాలో సెన్ ఎక్స్‌-3 అనే మూలం 4.84 సెకన్లకోసారి కొట్టుకుంటూ కనిపించింది. మొదట చికాకు పెట్టింది కూడా. ఆ 4.84 స్థిరంగా నిలవలేదు, కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంది. పైగా అప్పుడప్పుడు మూలం పూర్తిగా మాయమయ్యేది. 1972 నాటికి ముడి విడింది. పెరుగుదల, తగ్గుదల 2.087 రోజులకోసారి తిరిగి వస్తున్నాయి, మాయమవడం గ్రహణం. అంటే అది ఇంకో నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. జకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

డాబా మీద టెలిస్కోప్ పెట్టి కనిపెట్టలేమా?

లేం. గాలి ఎక్స్‌రేలను మింగేస్తుంది, మన అదృష్టం కొద్దీ. మహేంద్రగిరి కొనకి, 1501 మీటర్ల ఎత్తుకి ఎక్కినా లాభం లేదు. శక్తి ఎక్కువున్న ఎక్స్‌రేలైతే 40 కిలోమీటర్ల ఎత్తుకు పోయే బెలూన్‌కి అందుతాయి, మిగతావాటికి ఉపగ్రహమే గతి.

ఇప్పుడు కొత్తవి ఎలా బయటపడుతున్నాయి?

ఎక్కువ భాగం నిద్ర లేచినప్పుడు దొరుకుతాయి. ఆకాశం మొత్తాన్ని కాపలా కాసే పరికరాలు కొన్ని ఉన్నాయి: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద మాక్సీ, స్విఫ్ట్ ఉపగ్రహం మీద బ్యాట్, ఫెర్మీ మీద జీబీఎం, 2024లో చైనా పంపిన ఐన్‌స్టీన్ ప్రోబ్. నిన్న ఏమీ లేనిచోట ఇవాళ వెలుగు కనిపిస్తే వార్త పంపిస్తాయి. గంటల్లో వేరే టెలిస్కోప్ అటు తిరిగి పల్స్ కోసం చూస్తుంది. 2017 అక్టోబర్‌లో స్విఫ్ట్ జె0243.6+6124 ఇలాగే దొరికింది. 9.8 సెకన్ల పీరియడ్, అంటే ఒక పల్స్‌కీ తర్వాతి పల్స్‌కీ మధ్య ఎడం. అతి ప్రకాశవంతమైన (అల్ట్రాల్యూమినస్) పల్సార్ల కోవలో మన గెలాక్సీలో దొరికిన మొదటిది అదే.

రెండో దారి పాత డేటా. అక్కడ కాపలా అక్కర్లేదు, ఓపిక కావాలి. నా మట్టుకు నాకు మన పిల్లలకు ఈ దారే సరైనది అనిపిస్తుంది.

సెకనుకు వందలసార్లు తిరిగేవి కూడా ఉన్నాయంటారు, నిజమేనా?

నిజం. 1998లో రుడీ విజ్నాండ్స్, మైఖేల్ వాన్ డెర్ క్లిస్ ఆర్‌ఎక్స్‌టీఈ ఉపగ్రహ డేటాలో ఎస్‌ఏఎక్స్ జె1808.4-3658 సెకనుకు 401 సార్లు తిరుగుతోందని చూపించారు. దాని కక్ష్య రెండు గంటలే. దీని వెనక మన దేశపు ఆలోచన ఒకటుంది. 1982లో మిల్లీసెకండ్ రేడియో పల్సార్, అంటే సెకనుకు వందలసార్లు తిరిగేది, మొదటిసారి దొరికినప్పుడు, ముసలి న్యూట్రాన్ నక్షత్రాన్ని పక్క నక్షత్రపు పదార్థమే మళ్ళీ తిప్పి వేగం ఎక్కించి ఉంటుందని చెప్పినవారిలో బెంగళూరు రామన్ సంస్థకు చెందిన రాధాకృష్ణన్, శ్రీనివాసన్ ఉన్నారు. 16 ఏళ్ళ తర్వాత 1808 దొరికి, అలా వేగం ఎక్కుతుండగానే చూపించింది. అన్నట్టు, 1982 నాటి ఆ రేడియో పల్సార్‌ను కనిపెట్టిన బృందంలోని శ్రీనివాస్ కులకర్ణి పుట్టింది మహారాష్ట్ర సరిహద్దు జిల్లా కొల్హాపూర్‌లోని కురుంద్వాడ్‌లో.

పేర్లు ఫోన్ నంబర్లలా ఎందుకుంటాయి?

అవి అడ్రసులు. ముందు అక్షరాలు కనిపెట్టిన ఉపగ్రహం, తర్వాత అంకెలు ఆకాశంలో స్థానం. హెర్ ఎక్స్‌-1 లాంటి పాత పేర్లకైతే రాశి పేరు, అందులో దొరికిన వరస సంఖ్య.

ఇందులో మన దేశం చేసిందేమిటి?

1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్టలోనే ఎక్స్‌రే ఖగోళ ప్రయోగం ఉంది, కానీ నాలుగైదు రోజులకే విద్యుత్ సమస్యతో ప్రయోగాలు ఆగిపోయాయి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్ళింది. అందులో ముంబై టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) తయారుచేసిన లాక్స్‌పీసీ పరికరం 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రే శక్తికి కొలత) వరకు చూస్తుంది, ఫోటాన్, అంటే కాంతి కణం, వచ్చిన సమయాన్ని 10 మైక్రోసెకన్ల ఖచ్చితత్వంతో రాస్తుంది. పల్సార్లకు ఇంతకంటే ఏం కావాలి! 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ వెళ్ళింది. దాని మీద రామన్ సంస్థ చేసిన పోలిక్స్ ఎక్స్‌రేల ధ్రువణాన్ని, అంటే ఆ తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో ఊగుతున్నాయో, కొలుస్తుంది.

## డేటా చేతికొచ్చాక

డేటాకి డబ్బు కట్టాలా? మనలాంటి వాళ్ళకి ఇస్తారా?

పైసా అక్కర్లేదు. నాసా వారి హీసార్క్ భాండాగారంలో ఆర్‌ఎక్స్‌టీఈ, నైసర్, న్యూస్టార్ అనే ఎక్స్‌రే టెలిస్కోపుల డేటా ఎవరైనా దించుకోవచ్చు, మీరు ఎవరని కూడా అడగరు. ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో వారి ఐఎస్‌ఎస్‌డీసీ వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకుంటే దొరుకుతుంది. కొత్త పరిశీలనలు కొంతకాలం అడిగినవాళ్ళకే పరిమితం, తర్వాత అందరివీ. మన అసలు ఇబ్బంది ఇంటర్నెట్, కరెంటు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నా డౌన్‌లోడ్ 80 శాతం దగ్గర ఆగి, మళ్ళీ కరెంటు చూడటానికి చాలా రోజులు పట్టింది. ఆగినచోటి నుంచి కొనసాగించే డౌన్‌లోడ్ కమాండే వాడండి.

ఫైల్ తెరిస్తే ఫోటో ఏదీ లేదు, అంకెలే ఉన్నాయి. తప్పు ఫైలా?

సరైన ఫైలే. సరిహద్దు చెక్‌పోస్టులో రిజిస్టర్ చూశారుగా: ఏ బండి, ఎన్ని గంటలకు, ఎంత బరువు. ఇదీ అలాంటి రిజిస్టరే. ఒక్కో వరసకి ఒక ఫోటాన్, అది వచ్చిన సమయం, దాని శక్తి. ఒక రోజు పరిశీలనలో లక్షల వరసలు ఉండొచ్చు. సమయాలను చిన్న చిన్న గంపలుగా విడగొట్టి లెక్కపెడితే లైట్ కర్వ్, శక్తులను లెక్కపెడితే స్పెక్ట్రమ్. పల్సార్ పని మొత్తం ఈ రెండు కాలమ్‌ల మీదే నడుస్తుంది.

ఏ లాప్‌టాప్ కావాలి?

8 జీబీ ర్యామ్, లినక్స్, వంద జీబీ ఖాళీ స్థలం. నాసా ప్రోగ్రాముల కట్ట హియాసాఫ్ట్ ఉచితం, పైథాన్‌లో ఇదే పనికి వాడే స్టింగ్‌రే ఉచితం. గేమింగ్ లాప్‌టాప్ కోసం ఇంట్లో ఈ పేరు చెప్పకండి.

మొదట ఏ పల్సార్‌తో మొదలుపెట్టాలి?

వేలా ఎక్స్‌-1. పీరియడ్ 283 సెకన్లు, బాగా ప్రకాశవంతం. పది సెకన్ల గంపలుగా లెక్కపెట్టి గీస్తే పల్స్ కంటికే కనబడుతుంది. ఏ ప్రోగ్రామూ నడపక ముందే పల్స్‌ని కంటితో చూడటం మనిషికి ధైర్యం ఇస్తుంది. చాలామంది నేరుగా మిల్లీసెకండ్ పల్సార్ మీద పడి, రెండు వారాల్లో టెన్షన్‌తో వదిలేస్తున్నారు.

బేరీసెంటర్ సవరణ చేయకపోతే ఏమవుతుంది?

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి అదే పల్స్ ఆరు నెలల తేడాతో 16 నిమిషాల వరకు ముందో వెనకో వస్తుంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరగడం ఇంకో చిన్న తేడా. కాబట్టి ప్రతి ఫోటాన్ సమయాన్ని సౌర కుటుంబపు బరువు కేంద్రానికి చేరిన సమయంగా మార్చాలి. 283 సెకన్ల పల్సార్‌ని ఒక్క గంటపాటు చూస్తే తేడా తెలియకపోవచ్చు. మిల్లీసెకండ్ పల్సార్‌కైతే ఇది లేకుండా పల్స్ చెదిరిపోతుంది. అలవాటుగా అన్నిటికీ చేసెయ్యండి.

పీరియడ్ ఎలా వెతకాలి?

రెండు మెట్లు. మొదట ఫూరియర్ రూపాంతరం (లైట్ కర్వ్‌లో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చెప్పే లెక్క) తీసి, ఏ పౌనఃపున్యం దగ్గర పవర్ ముల్లులా లేచిందో చూడండి. అది సుమారు విలువ. తర్వాత ఫోల్డింగ్, అంటే మడత. బరంపురం పట్టుచీరను మడత పెడుతున్నారనుకోండి. మడత పొడవు సరిగ్గా కుదిరితే బుటా మీద బుటా కూర్చుంటుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పది మడతలయ్యాక బుటాలు చెదురుతాయి. లైట్ కర్వ్‌నీ అలాగే రకరకాల పీరియడ్లతో మడత పెట్టి, ఏ విలువ దగ్గర పల్స్ ఆకారం అన్నిటికంటే నిటారుగా వస్తుందో చూడాలి. హియాసాఫ్ట్‌లో ఇఎఫ్‌సెర్చ్ అనే ప్రోగ్రామ్ చేసేది ఇదే. చీర ఎంత పొడవుంటే మడత అంత ఖచ్చితం, అంటే ఎంత ఎక్కువ కాలం చూస్తే పీరియడ్ అంత బాగా తేలుతుంది.

పవర్ ఎంత వస్తే నిజమైన పల్స్ అని నమ్మాలి?

పవర్‌ను కొలిచే లీహీ పద్ధతిలో లెక్కిస్తే వట్టి గోల (నాయిస్) పవర్ సగటున 2 ఉంటుంది. ఒక పౌనఃపున్యం దగ్గర గోల వల్లే పవర్ 40 దాటే అవకాశం సుమారు 50 కోట్లలో ఒకటి. కానీ మీరు వెతికింది ఒక్క పౌనఃపున్యం కాదు. పది లక్షలు వెతికితే ఆ అవకాశం 500లో ఒకటికి పెరుగుతుంది. అయినా ఫర్వాలేదు, నమ్మొచ్చు. పవర్ 25 వచ్చిందని ఎగిరితే మాత్రం, పది లక్షల చోట్ల వెతికినప్పుడు అలాంటివి గోలలోంచే మూడు నాలుగు వస్తాయి. లాటరీ టికెట్లు ఎన్ని కొన్నారో చెప్పకుండా గెలిచానని చెప్పుకోకూడదు. ఇంకో మాట: తక్కువ పౌనఃపున్యాల దగ్గర వాయువు పడటంలోని ఒడిదుడుకుల వల్ల గోల తనంతట తనే ఎక్కువగా ఉంటుంది, అక్కడ ఈ లెక్క చెల్లదు.

## పొరపాట్లు

నాకు 96 నిమిషాల పీరియడ్ దొరికింది! కొత్త పల్సారేనా?

కాదు నాయనా. అది ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగే సమయం. ప్రతి చుట్టులో భూమి అడ్డొచ్చి డేటాలో ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలే పీరియడ్‌లా కనిపిస్తాయి. ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, ఎమ్మెస్సీలో నేనూ అదే పట్టుకున్నాను. రాత్రి పదకొండింటికి మా గైడ్‌కి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "ఉపగ్రహం ఎత్తు ఎంత?" అని ఒక్కటే అడిగి పెట్టేశారు. నేను లెక్క కట్టుకుని దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. ఉపగ్రహం చుట్టు, దానికి సగం, మూడో వంతు, ఒక రోజు: ఈ విలువలన్నీ ముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి.

పేపర్లో 283 సెకన్లు ఉంటే నాకు 141 వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?

తప్పు చేయలేదు, సగమే చూశారు. వేలా ఎక్స్‌-1 పల్స్‌కి అధిక శక్తుల దగ్గర రెండు శిఖరాలుంటాయి, ఒక్కో ధ్రువానికి ఒకటి అనుకోవచ్చు. రెండూ దాదాపు సమానంగా ఉంటే ప్రోగ్రామ్ సగం పీరియడ్‌నే పట్టుకుంటుంది. దొరికిన పీరియడ్‌కి రెట్టింపుతో కూడా మడత పెట్టి, రెండు శిఖరాలు నిజంగా కవలలేనా అని చూడండి.

నా పీరియడ్ పాత పేపర్‌తో నాలుగో దశాంశం దగ్గర కలవట్లేదు.

కలిస్తేనే అనుమానించాలి. ఈ నక్షత్రాల తిరుగుడు మారుతూ ఉంటుంది, పైగా మీరు చూసిన రోజున అది కక్ష్యలో మనవైపు వస్తోందో పోతోందో దాన్ని బట్టీ పీరియడ్ మారుతుంది. ముందు కక్ష్య సవరణ చేయండి. అప్పటికీ తేడా మిగిలితే అది మీ ఫలితం. ఫెర్మీ జీబీఎం బృందం చాలా పల్సార్ల పీరియడ్ చరిత్రను అందరికీ అందుబాటులో పెట్టింది, దానితో పోల్చుకోండి.

## ఆ గడియారం ఏం చెబుతుంది

పల్స్ సమయాలు చూసి కక్ష్య ఎలా కనుక్కుంటారు?

మీ తమ్ముడు గుణుపూర్ బండెక్కి, సరిగ్గా గంటకో ఉత్తరం పోస్ట్ చేస్తూ పోతున్నాడనుకోండి. దూరం పెరిగేకొద్దీ ఉత్తరాల మధ్య ఎడం గంట కంటే పెరుగుతుంది, తిరుగు ప్రయాణంలో తగ్గుతుంది. ఉత్తరంలో ఒక్క ముక్క రాయకపోయినా వాడెక్కడున్నాడో మీరు చెప్పగలరు. సెన్ ఎక్స్‌-3 ఉత్తరాలు కక్ష్యలో ఒకవైపు సుమారు 40 సెకన్లు ఆలస్యంగా, ఇంకోవైపు 40 సెకన్లు ముందుగా వస్తాయి. అంటే కక్ష్య వ్యాసార్థం దాదాపు 40 కాంతి సెకన్లు, 1.2 కోట్ల కిలోమీటర్లు. దాన్ని 2.087 రోజుల్లో చుట్టాలంటే వేగం సెకనుకు 415 కిలోమీటర్లు. ఇవే రెండు అంకెలు కెప్లర్ సూత్రంలో పెడితే, పక్క నక్షత్రం కనీసం 15 సూర్యుల బరువుండాలని తేలుతుంది. డిగ్రీ పిల్లలు కాల్క్యులేటర్‌తో చేయగలిగిన లెక్క ఇది. ప్రతి బ్యాచ్‌తో చేయిస్తాను, ప్రతిసారీ ఒకరైనా నమ్మక మళ్ళీ చేస్తారు.

న్యూట్రాన్ నక్షత్రం బరువు కూడా ఇలాగే తెలుస్తుందా?

పల్స్ ఒక్కటే చాలదు. పక్క నక్షత్రం ఎంత వేగంతో ఊగుతోందో మామూలు టెలిస్కోప్ స్పెక్ట్రమ్‌లో కొలవాలి, కక్ష్య వాలు కోసం గ్రహణం ఎంతసేపు ఉందో చూడాలి. మూడూ ఉన్న జంటలు కొన్నే. వేలా ఎక్స్‌-1కి ఇలా వచ్చిన విలువలు మామూలు 1.4 కంటే ఎక్కువగా, రెండు సూర్యులకు దగ్గరగా ఉండటం వల్ల అది అందరి నోళ్ళలో పడింది.

అంత దూరంలో ఉన్నదాని అయస్కాంత క్షేత్రాన్ని ఎలా కొలుస్తారు?

బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్లు ఏ శక్తితో పడితే ఆ శక్తితో తిరగలేవు, మెట్లు మెట్లుగానే తిరగాలి. ఆ మెట్టు ఎత్తుకు సరిపోయే ఎక్స్‌రేలను అవి తినేస్తాయి, స్పెక్ట్రమ్‌లో అక్కడ గుంట పడుతుంది. దీన్ని సైక్లోట్రాన్ రేఖ అంటారు. క్షేత్రాన్ని కొలిచే గాస్, టెస్లా లెక్కల్లో నేనే ఒకసారి బోర్డు మీద సున్నాలు తప్పాను, కాబట్టి నెమ్మదిగా: లక్ష కోట్ల గాస్ అంటే 10 కోట్ల టెస్లా, దానికి గుంట 11.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడుతుంది. 1976లో యోఖిం ట్రుంపర్ బృందం బెలూన్‌తో హెర్ ఎక్స్‌-1 స్పెక్ట్రమ్‌లో మొదటి రేఖను పట్టింది. ఇప్పటి కొలతల్లో అది 38 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటోంది. నక్షత్రం గురుత్వం వల్ల శక్తి తగ్గి మనకు చేరుతుంది కాబట్టి 1.25తో హెచ్చించి 11.6తో భాగిస్తే 4.1 వస్తుంది. అంటే సుమారు 4.1 లక్షల కోట్ల గాస్. మన కాళ్ళ కింద భూమి క్షేత్రం అర గాస్ కూడా లేదు. 4యు 0115+63లో ఒక గుంట కాదు, మెట్లలా వరసగా చాలా గుంటలు కనిపిస్తాయి.

వీటి తిరుగుడు ఒకోసారి పెరుగుతుంది, ఒకోసారి తగ్గుతుంది అంటారు. ఎందుకని?

పళ్ళెంలోంచి వచ్చే వాయువు తన సుడిని కూడా తెచ్చి నక్షత్రానికి ఇస్తుంది, కుమ్మరి సారెను కర్రతో తిప్పినట్టు. అది వేగం పెంచుతుంది. అయితే అయస్కాంత క్షేత్రం పళ్ళెంలో దూరంగా, నెమ్మదిగా తిరిగే భాగాల్లోకి కూడా పాకి ఉంటుంది. ఆ భాగాలు బ్రేకులా పట్టుకుంటాయి. ఏది గెలుస్తుందో ఎంత వాయువు వస్తోందనే దాని మీద ఆధారపడుతుంది. దీనికి 1979లో ప్రణబ్ ఘోష్, ఫ్రెడరిక్ ల్యాంబ్ ఇచ్చిన లెక్కనే ఇప్పటికీ అందరూ మొదట పట్టుకుంటారు. జీఎక్స్ 1+4 అనే పల్సార్ 1970ల్లో వేగం పుంజుకుంటూ ఉండేది. 1980ల మొదట్లో కొంతకాలం కనపడకుండా పోయి, తిరిగొచ్చేసరికి నెమ్మదించడం మొదలుపెట్టింది. గాలి మీద బతికే వేలా ఎక్స్‌-1 అయితే తాగినవాడి నడకలా అటూ ఇటూ.

ధ్రువణం కొలిస్తే కొత్తగా ఏం తెలిసింది?

మన లెక్కలు తప్పని తెలిసింది! 2021లో ఎగిరిన ఐక్స్‌పీ ఉపగ్రహం హెర్ ఎక్స్‌-1ని చూసింది. సిద్ధాంతం 60 శాతం పైగా ధ్రువణం ఉండాలంది, కొలిస్తే సగటున 10 శాతం లోపే. ధ్రువాల దగ్గరి వాయువు పైపొర గురించి అనుకున్నదేదో సరిగా లేదు. పోలిక్స్ చూసే 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మేర ఇక్కడ పనికొస్తుంది.

## మన ఊళ్ళ నుంచి

ఒడియా మీడియంలో చదివాం. తెలుగు పదాలు రావు, ఏం చేయాలి?

నక్షత్రం రెండు భాషల్లోనూ నక్షత్రమే. ఒడియాలో చుంబక అన్నది తెలుగులో అయస్కాంతం. ఇలాంటివి పాతికో ముప్ఫయ్యో ఉంటాయి, అంతే. పల్స్, స్పెక్ట్రమ్, ఫోటాన్ అన్ని భాషల్లోనూ అవే. భాష కంటే గణితం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతున్నారు, ఫూరియర్ సిరీస్ ఒకసారి మళ్ళీ చదవండి.

ఇది చదివితే మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?

అమ్మా, ఉన్నమాట చెప్తాను. పరిశోధన ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ తర్వాత కూడా కొన్నేళ్ళు నిలకడ ఉండదు. కానీ డేటా, పైథాన్, గణాంకాలు చేతికొచ్చిన పిల్లాడు ఖాళీగా కూర్చోడు. ఇంటర్ తర్వాతైతే బరంపురంలోని ఐసర్ అనే సైన్సు సంస్థకి ఐఏటీ, భువనేశ్వర్‌లోని నైసర్ అనే సంస్థకి నెస్ట్ ప్రవేశ పరీక్ష రాయించండి. డిగ్రీ తర్వాతైతే జామ్, పీహెచ్‌డీకి జెస్ట్. మహారాష్ట్ర వైపువాళ్ళకి పూణేలో అయుకా ఖగోళ కేంద్రం, ముంబైలో టీఐఎఫ్‌ఆర్ ఉన్నాయి. బంధువుల్లో ఎవరో జ్యోతిషం నేర్పిస్తారట అన్నారని మానిపించకండి, అలా ఒక అమ్మాయిని మానిపించారు.

పొలంలో పారాచూట్‌తో ఏదో పెట్టె పడింది. ఏం చేయాలి?

ఇది మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు నుంచి వచ్చే ప్రశ్న. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్‌ఆర్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పాలిథిన్ బెలూన్లతో పరికరాలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు, గాలివాటున అవి చాలా దూరం పోయి పారాచూట్‌తో దిగుతాయి. బాంబు కాదు, గ్రహాంతరవాసులు అసలే కాదు. విప్పకండి, పిల్లల్ని తాకనివ్వకండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌కి చెప్పండి. పెట్టె మీద చిరునామా ఉంటుంది, వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. లోపలి డేటా ఎవరిదో కొన్నేళ్ళ చదువు, దాన్ని పాత ఇనుముకి అమ్మకండి.

ఇన్ని చెప్పారు, మన ఊరి నుంచి వీటిలో ఒక్కటైనా కంటితో చూడగలమా?

ఎక్స్‌రేలు కాదు గానీ, ఒక పల్సార్ పక్కనుండే నక్షత్రాన్ని మామూలు బైనాక్యులర్‌తో చూడొచ్చు. దాని పేరు ఎక్స్ పెర్సీ. శీతాకాలం రాత్రి కృత్తికలను పట్టుకోండి, మా ఇంట్లో పిల్లలకోడి అంటారు. అక్కడి నుంచి ఉత్తరంగా 7 డిగ్రీలు, చాచిన చేతి పిడికిలి కంటే కాస్త తక్కువ. జీటా పెర్సీ అనే ప్రకాశమైన చుక్క పక్కన, ఆరు, ఏడు ప్రకాశ పరిమాణాల మధ్య మారుతూ ఉండే చిన్న చుక్క అదే. దాని జంట 837 సెకన్లకోసారి తన చుట్టూ తాను తిరుగుతోంది, 250 రోజులకోసారి దాని చుట్టూ తిరుగుతోంది. మన పక్క గెలాక్సీ చిన్న మాగెల్లాన్ మేఘంలో కూడా ఇలాంటి జంటలు పదుల్లో ఉన్నాయి, కానీ పర్లాకిమిడికి అది దిగంతం కిందే ఉండిపోతుంది. ఎక్స్ పెర్సీని డిసెంబర్, జనవరిల్లో ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య చూడండి. ఆ తర్వాత మన కొండల్లో మంచు దిగిపోతుంది.